ముల్లు

మా యంత్రాన్ని ఒంటిమూపు ఒంటె అనేవాళ్ళం.
బొగ్గు మీది మట్టిని తోడిపోయడం దాని పని.
నడిచేది కూడా,
అడుగుకి రెండు మీటర్లు, వెనక్కి మాత్రమే.
నూరు మీటర్ల చెయ్యి దానికి.
ఆ చేతి చివర వేలాడే తొట్టిలో
ఒరాల్బాయ్ పెళ్ళి ఫొటో దిగాడు:
పెళ్ళికూతురు, ఆమె నలుగురు మేనమామలు,
అకార్డియన్ వాయించేవాడు,
ఇంకా చోటు మిగిలింది.

ఆ చెయ్యి గొట్టాలతో కట్టింది.
గొట్టాల నిండా గాలి బిగించి ఉంచుతారు.
ఎక్కడైనా వెంట్రుకంత బీట పడితే గాలి పోతుంది,
గాలి పోతే కేబిన్లో ముల్లు పడుతుంది.
ఇనుముకి నొప్పి చెప్పుకోవడానికి
ఉన్న నోరు అదొక్కటే.

ముల్లు మంగళవారం పడింది.
గ్రీజు పెట్టే కుల్యాష్ చూసింది ముందు.

అద్దం మీద వేలితో కొట్టాం. అందరూ చేసేదే.
ఒరాల్బాయ్ కొట్టాడు, నేను కొట్టాను,
ఫోర్‌మన్ జార్కిన్ వచ్చి పిడికిలితో కొట్టాడు.
లేవలేదు.
"ఈ చలికి గోడ గడియారాలే ఆగిపోతున్నాయి, ఇదెంత?"
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
నెలాఖరు. ఎనభై వేల ఘనమీటర్లు బాకీ.

కుల్యాష్ డ్యూటీ పుస్తకంలో రాసింది:
ముల్లు పడింది. ఎడమ గొట్టం దగ్గర ఈల వినిపిస్తోంది.
ఈల అన్న మాట చూసి జార్కిన్ నవ్వాడు.
బుధవారం కొత్త మీటరు తెచ్చి బిగించాడు.
ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా.
కొత్తది పచ్చగీత మీద నిటారుగా నిలబడింది,
బడిలో మొదటిరోజు పిల్లాడిలా.
మేం నమ్మాం.

కాదు, అబద్ధం.
నమ్మలేదు. పనికెక్కాం.
కుల్యాష్ ఒక్కతే ఎడమ గొట్టం ఎక్కనని మొండికేసింది.
గురువారం జీతం కోశారు.

శుక్రవారం, తెల్లవారుజాము నాలుగూ పది.
తొట్టి నిండుగా ఉంది. ఒరాల్బాయ్ ఎత్తుతున్నాడు.
నేను టీలో పాలు పోస్తున్నాను.
పేలిందా అని అడుగుతారు అందరూ. పేలలేదు.
గడ్డకట్టిన చెరువు మీద ఎవరో కాలు మోపినట్టు
ఒక్క టప్.
తర్వాత చాలాసేపు, అంటే రెండు సెకన్లు,
ఏమీ లేదు.
ఆ రెండు సెకన్లలో ఒరాల్బాయ్
మీటల మీద నుంచి చేతులు తీసి
ఒళ్ళో పెట్టుకున్నాడు,
భోజనం ముగించినవాడిలా.
అప్పుడు లైట్లు దిగిపోవడం చూశాను,
చెయ్యి పొడవునా ఉన్నవన్నీ, వరసగా,
తొందర లేకుండా.
నా ముంజేతి లావు ఉక్కుతాళ్ళు
మా కప్పుని అరటాకులా చీల్చుకుపోయాయని
తెల్లారాక తెలిసింది.
గ్లాసు నా చేతిలోనే ఉంది.
టీ నా ముఖం మీద ఉంది.

కిందనుంచి కుల్యాష్ మా పేర్లు పిలుస్తోంది.
"ఒరాల్బాయ్! తెమిర్ఖాన్!"
తెమిర్ అంటే మా భాషలో ఇనుము.
ఏ ఇనుమును పిలుస్తోందో
నాకు వెంటనే అర్థం కాలేదు.

నగరం నుంచి ముగ్గురు అధికారులొచ్చారు.
డ్యూటీ పుస్తకం తిరగేశారు.
అందులో సోమవారం తర్వాత బుధవారం ఉంది.
దారపు కుట్టు దగ్గర చిన్న కాగితపు పీలిక.
కొత్త మీటరు చూశారు. విరిగిపడ్డ ఆ చేతికి
అది ఇంకా నిండు ఆరోగ్యమే చూపిస్తోంది.
జార్కిన్ చలి గురించి మాట్లాడాడు.
బాగా మాట్లాడాడు కూడా, ఉక్కు చలికి
గాజులా పెళుసవుతుందని, అది ఎవరి తప్పూ కాదని.

కుల్యాష్ లేచింది. నడుముకి కట్టుకున్న
ఉన్ని శాలువా విప్పింది.
తుక్కుకుప్పలోంచి ఏరుకొచ్చిన పాత మీటరు.
పగిలిన అద్దం వెనక, ముల్లు అడుగున పడుకునే ఉంది.
బల్ల మీద పెట్టి అంది,
"ఇదిగో మంగళవారం."

జార్కిన్‌ని వేరే గనికి మార్చారు. అంతే.
ఒరాల్బాయ్ మళ్ళీ మీటలు పట్టలేదు,
గుర్రాలు మేపుకుంటున్నాడు.
నేను ఊరి బస్సు నడుపుతున్నాను.
ఆయిల్ ముల్లు పడితే అద్దం మీద కొట్టను.
మంచులో, ఎక్కడైతే అక్కడ, బస్సు ఆపేస్తాను.
వెనకనుంచి తిడతారు.
కుల్యాష్ ఆ బస్సులో ఉంటే మాత్రం
సంచి దించి, నడుం మీద చేతులు పెట్టి,
ఇంజను వైపు చెవి ఒగ్గుతుంది.